ఇసుక మీద పరవని వల

కిందటివారం కథ ఎక్కడ నిలిచిందో గుర్తున్నవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. విశాఖ చేపల రేవులో మరబోట్ల సంఘానికి ఒక వరసబోర్డు ఉంది. వేట నుంచి తిరిగొచ్చిన బోట్లు ఏ వరసలో జెట్టీకి కట్టి సరుకు దించాలో గోడ మీది తెరలో అందరికీ చూపించే కంప్యూటరు ప్రోగ్రాం అది. కేరళలో ఒక మత్స్యకార సంఘం రాయించుకుని, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని లోకానికి వదిలేసిన ఓపెన్ సోర్స్ సరుకు. దాన్ని నాలుగేళ్ల కింద ఇక్కడికి తెచ్చింది సంఘంలోని ఒకే ఒక్క ఆడ డైరెక్టరు, చేపల వ్యాపారి గంగాలమ్మ. మన రేవుకి తగ్గట్టు మార్చింది సబ్బవరం నుంచి రోజూ బస్సెక్కి వచ్చే అనూరాధ. ఇప్పుడు అధ్యక్షుడు నీలకంఠం దాన్ని తీసేసి, హైదరాబాదు కంపెనీ ఒకటి అమ్మే 'జెట్టీ ప్రో' పెట్టాలంటున్నాడు. ఐదేళ్ల ఒప్పందం. అందులో పన్నెండో షరతు ఏమిటంటే, వరస ఎలా తేల్చారో చెప్పాల్సిన పని కంపెనీకి లేదు. ఆ షరతు రెండుసార్లు చదివించుకుని గంగాలమ్మ సర్వసభ్య సమావేశానికి మెట్లెక్కింది.

ఐసు ఫ్యాక్టరీ మేడ మీద హాలది. మే నెల ఎండ, వేట నిషేధం రోజులు. బోట్లన్నీ కింద రేవులో పక్కపక్కన కట్టేసి ఉన్నాయి, వాటి యజమానులంతా పైన కుర్చీల్లో ఉన్నారు. ఏడాదిలో ఈ రెండు నెలలే సంఘానికి నిండు సభ దొరుకుతుంది. అందుకే నీలకంఠం ఈ రోజే పెట్టాడు. అతని లెక్క గంగాలమ్మకి తెలుసు. పనిలేని మనిషికి కొత్త సరుకు బాగా కనిపిస్తుంది.

ముందు వరసలో ఆమె, పక్కన తమ్ముడు అప్పలరాజు. సంఘానికి కార్యదర్శి. బుట్టలు మోసి పెంచిన తమ్ముడు, పదో తరగతి దాకా ఫీజు కట్టిన తమ్ముడు, రెండేళ్ల కింద తన వైపు ఓట్లు కూడా వేయించి గెలిపించిన తమ్ముడు. గోడవారగా నిలబడ్డది అనూరాధ. ఆమెకి కుర్చీ వేయలేదు. సంఘం పుస్తకాల్లో ఆమెకి ఉద్యోగం పేరు కూడా లేదు. జీతం 'ఇతర ఖర్చులు' కింద రాస్తారు, ఐసు పెట్టెల తాళ్లూ చీపుళ్లూ రాసే చోట.

నీలకంఠం లేచి మైకు పట్టుకున్నాడు. ఆరు బోట్ల ఆసామి, మాట మెత్తన.

"జనవరి నెల మర్చిపోయినారేటి? రెండు రోజులు బోర్డు ఆగిపోనాది. నూట పది బోట్లు. ఎవుడు ముందో ఎవుడు ఎనకో తెల్నేదు. రొయ్యలు, సేపలు, అన్నీ ఎండలో. అప్పుడు మనం ఎవుణ్ణి అడిగినాం? అడగడానికి ఎవుడున్నాడు? ఉచితంగా వొచ్చిందానికి దిక్కుండదు. కంపెనీ అనుకో, ఒక మనిషుంటాడు. ఒక ఫోనుంటాది. అర్దరేత్రి కొడితే ఎత్తుతాడు."

అటూ ఇటూ తలలు ఊగాయి. గంగాలమ్మకి కడుపు మండింది అక్కడే. అతను చెప్పింది పూర్తిగా అబద్ధమైతే ఆమె అంత మండిపోయేది కాదు. జనవరిలో బోర్డు ఆగిన మాట నిజం.

"దిక్కు నేదంటావేటి పెసిడెంటన్నా!" అప్పలరాజు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఈ బోర్డు మా అప్ప తెచ్చింది. దీన్ని తీసే మొగోడెవుడో ఇక్కడికి రమ్మను! కంపెనీ వోళ్ల సేతికి రేవిచ్చేస్తే రేపు మన బోటు మనం కట్టుకోడానికి ఆళ్ల పరిమిసన్ తీసుకోవాల!"

"కూకో రాజూ" అంది గంగాలమ్మ, చెయ్యి పట్టి లాగి. తమ్ముడి ఆవేశం ఆమెకి ముచ్చటగానే ఉంది. అయితే బేరంలో ముందు అరిచినవాడు ముందు అలిసిపోతాడు. ఆమె లేచి నిలబడింది.

"అన్నా, నాను సదువుకోనేదు. ఒక్కటడుగుతాను. పూర్వం ఈ వరస ఎవుడు రాసేవోడు?"

అందరికీ తెలుసు. జెట్టీ గుమస్తా పలక మీద సుద్దతో రాసేవాడు. జేబులో తడి తగిలితే తడిచేత్తో తుడిచేవాడు. ఉదయం ఆరింటికి దిగిన వంజరం ధర ఒకటి, తొమ్మిదింటికి దిగిన వంజరం ధర ఒకటి. చేప అదే, ఐసు అదే, మధ్యలో మూడు గంటల ఎండ. ఆ మూడు గంటల్ని గుమస్తా అమ్ముకునేవాడు. పదేళ్లు ఆ పలక కింద బుట్ట బోర్లించుకుని కూర్చున్న మనిషి గంగాలమ్మ. ఐదోదిగా వచ్చిన బోటు పదిహేనోది అయిపోతే, ఎందుకయిందని అడిగినందుకు పెద్ద తిట్లు తిన్న మనిషి.

"సుద్దముక్క పట్టుకున్నోడు కనిపించేవోడు. కనీసం ఆణ్ణి తిట్టుకునేవోళ్లం. ఇప్పుడు ఈ కంపెనీ సుద్దముక్క జేబులో ఎట్టుకుని, సెయ్యి కూడా సూపించనంటన్నాది. పన్నెండో సరతు సదవండి. అది సదివి ఒప్పుకునేవోడెవుడైనా ఉంటే సెయ్యెత్తండి, మొకం సూసుకుంటాను."

తెల్లచొక్కా, మెడలో గుర్తింపుకార్డు వేసుకున్న కుర్రమనిషి చిరునవ్వుతో ముందుకొచ్చాడు. కంపెనీ తరఫున వచ్చిన ఉమామహేష్.

"మేడం, మీ ఆందోళన నాకర్థమైంది. అయితే ఉచితంగా దొరికేవాటికి నాణ్యత..."

"ఉచితమని తేనేదు బాబూ. తలుపు తెరిసున్నాదని తెచ్చినాం. రెండూ ఒకటి కాదు."

"అలాగే మేడం. ఒక్కసారి మా ప్రోడక్ట్ చూడండి. తర్వాత మీ ఇష్టం. ఇది మా ఇంజనీర్లు రెండేళ్లు కష్టపడి, మొదటి అక్షరం నుంచి సొంతంగా రాసింది."

గోడ మీద తెల్లగుడ్డ కట్టారు. బొమ్మలు కదిలాయి. నీలిరంగు సముద్రం, ఎర్ర బోటు, మీట నొక్కితే మోగే గంట. నమూనా కోసం నలభై బోట్లు ఎక్కించానన్నాడు. డెమో బోటు ఒకటి, డెమో బోటు రెండు అని పేర్లు కిందికి జారుతున్నాయి. వెనక వరసల్లో "బాగున్నాది రా" అన్న మాటలు వినబడ్డాయి. సరుకు కన్నా పెట్టె బాగుంటే కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారని గంగాలమ్మ పళ్లు నూరుకుంది.

"బాబూ, కాస్త ఎనక్కి తిప్పు."

అన్నది గురువమ్మ. పోలిరాజు భార్య. రెండేళ్ల కింద నవంబరు వాయుగుండంలో పోలిరాజు బోటు ఐదుగురితో వెళ్లి రాలేదు. సంఘంలో ఇప్పుడు ఆ సభ్యత్వం ఈవిడదే. చదువు రాదు, అంకెలు తెలుసు. సభకి వస్తుంది, చివరి వరసలో కూర్చుంటుంది, మాట్లాడదు. ఈ రోజు కుర్చీల మధ్య నుంచి నడిచి తెల్లగుడ్డ దగ్గరకొచ్చేసింది.

"ఇరవయ్యేడు తరవాత ఇరవై తొమ్మిదున్నాది. ఇరవై ఎనిమిది ఏదీ?"

ఉమామహేష్ తెర వైపు చూశాడు. నిజమే. ఇరవై ఏడు, ఇరవై తొమ్మిది. జాబితా చివర నలభై బదులు నలభై ఒకటి ఉంది. అతను దాన్ని ఎప్పుడూ గమనించలేదని మొహమే చెప్పింది. అయితే అమ్మేవాడికి తెలియదనడం చేతకాదు.

"అది టెక్నికల్ రిజర్వ్ అమ్మా. సెక్యూరిటీ కోసం సిస్టమే ఒక నంబరు వదిలేస్తుంది. అంతర్జాతీయ పద్ధతి."

పంకాల చప్పుడు ఒక్కసారి పెద్దదైనట్టయింది.

ఈ రేవులో ఒక కట్టుబాటు ఉంది. తిరిగిరాని బోటు నంబరు ఇంకొకరికి ఇవ్వరు. ఆ ఇంటి ఆడమనిషి వచ్చి, తన నోటితో "ఇచ్చీండి" అన్నదాకా ఆ అంకె ఖాళీగా ఉంటుంది. పోలిరాజు బోటు నంబరు ఇరవై ఎనిమిది. కేరళ వాళ్ల ప్రోగ్రాంలో అంకె దాటించే వీలు లేకపోతే అనూరాధ రాసి పెట్టింది.

"అంతర్జాతీయ పద్దతి కాదు బాబూ" అంది గురువమ్మ. గొంతు పెంచలేదు. "అది మా ఆయన."

ఆ తర్వాత హాలు హాలులా లేదు. కుర్చీలు పడ్డాయి. "దొంగసరుకు రా ఇది!" అని ఒకరు, "మన సచ్చినోళ్ల నంబరు కూడా అమ్ముకుంటన్నారేట్రా!" అని ఒకరు. అప్పలరాజు బల్లెక్కినంత పని చేశాడు. గంగాలమ్మ గోడ వైపు తిరిగింది.

"ఏటే అనూరాదా, ఇదేటి?"

అనూరాధ ముందుకొచ్చి తెర చూసింది.

"నాదే పిన్నీ. అప్పుడు నాకంత తెల్దు. వదిలేసే నంబర్లన్నీ ఒక పట్టికలో పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు మార్చుకునేలాగ రాయాల. నాను ఇరవై ఎనిమిదిని నేరుగా లోపలి రాతలోనే పెట్టీసాను. తప్పది. సరిచేద్దామనుకుంటూ ఒగ్గేసాను. ఆ తప్పు కూడా తీసుకున్నారు వీళ్లు. ఏ ఊళ్లో పెట్టినా ఇరవై ఎనిమిది రాదు."

"ఇంటన్నావా అన్నా?" గంగాలమ్మ నీలకంఠం వైపు వేలు చూపించింది. "మన బుట్టలో సేప తీసి, మనకే కాటా ఎడతన్నాడు! దీనికి ఐదేళ్ల ఒప్పందం!"

నీలకంఠం కాసేపు గడ్డం గోక్కున్నాడు. అతను కూడా కంగుతిన్నాడు, కానీ కుర్చీలో ఉన్నవాడు కంగు బయట పెట్టడు.

"సెల్లెమ్మా, కోపం ఎవుడికైనా వొస్తాది. కానీ కాగితం కావాల. ఇది మనమే రాసినామని ఎక్కడున్నాది? కేరళ వోళ్లది లోకమంతా సూస్తాది. మన గుంట అనూరాద రాసింది ఎవుడు సూసినాడు? రుజువేటి?"

గంగాలమ్మ నోరు తెరిచి అనూరాధ వైపు చూసింది. అనూరాధ తల దించుకుంది.

"సెప్పు. రుజువేటని అడుగుతన్నారు కదా."

"నేదు పిన్నీ. బయటెక్కడా పెట్టనేదు కదా మనం."

"ఎందుకు పెట్టనేదు?" ఇది నీలకంఠం.

అనూరాధ గంగాలమ్మ వైపు చూసింది. జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల కాదు, తనేనని గంగాలమ్మకి అప్పుడే గుర్తొచ్చింది. రెండేళ్ల కింద ఈ పిల్ల వచ్చి అడిగింది. మనం చేసిన మార్పులన్నీ కేరళ వాళ్లకి పంపిద్దాం పిన్నీ, వాళ్లు కలుపుకుంటారు, మన సంఘం పేరు, రాసినవాళ్ల పేరు అందులో ఉంటాయి అని. గంగాలమ్మ వెంటనే లెక్క వేసింది. మన వరస పద్ధతి చూసి కాకినాడ వాళ్లు కూడా అలాగే పెట్టుకుంటే బోట్లు అటు పోవూ? కొనే చోటు చెప్పని వ్యాపారి ఆమె. "మన తెలివి మన రేవులో ఉండనీయే. పెన్‌డ్రైవులో ఏసి దాసు" అంది. ఆ రోజు అది గొప్ప బేరమనుకుంది.

"నానే ఒద్దన్నాను" అంది గంగాలమ్మ.

"అయితే ఇంకోటి కూడా సెప్పాల పిన్నీ" అంది అనూరాధ. ఇంక ఆపుకోలేనట్టు వచ్చాయి మాటలు. "జనవరిలో ఆగిపోయింది కూడా అందుకే. కొత్త కంప్యూటర్లకి సరిపోవాలని కేరళ వోళ్లు మొత్తం మార్చి రాసారు. మనం పంపించుంటే మన మార్పులు కూడా ఆళ్లే కలిపి ఇచ్చేవోరు. పంపనేదు కాబట్టి ముప్పై ఒక్క మార్పు నాను ఒక్కదాన్నే మళ్లీ కొత్తగా కూకుని రాసాను. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఎండలో సేపలెట్టుకుని నన్ను బూతులు తిట్టారు. పెసిడెంటు గారు కూడా."

నీలకంఠం కిటికీలోంచి బయటికి చూశాడు.

గురువమ్మ ఇంకా తెర దగ్గరే నిలబడి ఉంది. గంగాలమ్మ మొహంలోకి సూటిగా చూసింది. వయసులో ఆమె కన్నా రెండేళ్లు పెద్దది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే ఒడ్డున పెరిగారు.

"గంగా, మన అయ్యలు పెద్దవల లాగేవోరు. ఒక్కో ఇల్లు ఒక్కో ముక్క తెచ్చి కలిపేది. సముద్రంలోకి దించీ ముందు ఏటి సేసేవోరు?"

జవాబు కోసం ఆగకుండా గురువమ్మే చెప్పింది.

"ఇసక మీద పరిసేవోరు. పరవని వల దిగేది కాదు. నీ ముక్కలో సిరుగుంటే నాను సూసేదాన్ని, నా ముక్కలో కొత్త ముడి ఉంటే నువ్వు నేర్సుకునేదానివి. ముక్క దాసుకున్నోడి ఇంటికి సేపల్లో వాటా పంపేవోరు కాదు. నువ్వేటి, ముక్క దాసుకున్నావా? దాసుకుని, ఇప్పుడు దొంగ ఎత్తుకుపోనాడని ఏడుత్తన్నావా?"

గంగాలమ్మ యాభై రెండేళ్ల మనిషి. మార్కెట్లో ఆమె నోటికి జడిసి దారి తప్పుకునే మగవాళ్లున్నారు. ఇంతమంది ముందు ఈ మాట పడాల్సి వచ్చింది. పడింది. ఎందుకంటే తూకం సరిగ్గానే ఉంది. చేప ఒకరికిస్తే బుట్టలో తగ్గుతుంది, ముడి నేర్పితే చేతిలో తగ్గదు. నలభై ఏళ్ల వ్యాపారంలో ఏది ఏ సరుకో పోల్చుకోలేక నష్టపోవడం ఇదే మొదటిసారి.

కానీ నష్టం ఒప్పుకోవడం వేరు, దుకాణం అప్పగించడం వేరు. దాచింది తను. దొంగిలించింది వీడు. ఈ గొడవలో ఆ రెండూ కలిసిపోతే వీడు చొక్కా దులుపుకుని వెళ్లిపోతాడు.

ఆమె అనూరాధని పక్కకి లాగి, చెవిలో అడిగింది. "కేరళ వోళ్లు దీని మీద ఏదో రాసారన్నావు. లైసెన్సు. ఏటది? బేగి సెప్పు."

"ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా పిన్నీ. కానీ ఎవరికిస్తే ఆళ్లకి లోపలి రాతంతా ఇవ్వాల. ముందు రాసినోళ్ల పేర్లు తీయకూడదు. తాళం ఎయ్యకూడదు."

"అయితే అడుగుదాం పద."

"మనకివ్వనేదు కదా ఇంకా. సూపించారంతే. సేతికి ఇస్తేనే అడగొచ్చు."

గంగాలమ్మ కొంగు బిగించి, మైకు దగ్గరకి నడిచింది. మొహం మారిపోయింది. బేరం తెగిపోయిందనుకున్న చోట మెత్తబడే వ్యాపారి మొహం అది.

"కూకోండి అందరూ. గొడవొద్దు. తప్పు నాది కూడా ఉన్నాది. ఉమామహేస్ బాబూ, నా నోరు మంచిది కాదు, ఏటీ అనుకోకు. నీ సరుకు సూడకుండా తిట్టడం వ్యాపారం కాదు. వారం రోజులు వాడి సూస్తాం. ఇస్తావేటి?"

హాలు నోరెళ్లబెట్టింది. అప్పలరాజు "అప్పా! ఏటి మాట్లాడతన్నావు?" అన్నాడు. అంతసేపూ అరిచినవాడు కంపెనీకి ఊపిరాడుతుంటే కంగారు పడటం సహజమేననుకుంది ఆమె. నీలకంఠం మటుకు కళ్లు చిట్లించి ఆమెనే చూస్తున్నాడు. ఉమామహేష్ మొహం వికసించింది.

"తప్పకుండా మేడం! ఇప్పుడే మీ ఆఫీసు కంప్యూటర్లో పెట్టిస్తాను."

"ఊరికే పెడితే రేపు మా సభ్యులు నన్ను నమ్మరు బాబూ. కాగితం రాయి. పలానా సరుకు, పలానా సంఘానికి, పలానా తారీకున అందజేసినాం అని. సంతకం, ముద్ర."

ఇరవై నిమిషాలు పట్టింది. కంప్యూటర్లో 'జెట్టీ ప్రో' నీలిరంగులో వెలిగింది. కంపెనీ కాగితం మీద అందజేసినట్టు రాత, కింద ఉమామహేష్ సంతకం, గుండ్రటి ముద్ర. అందినట్టు నీలకంఠం చేత కూడా సంతకం చేయించింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. అప్పుడు మైకు తీసుకుంది.

"ఇచ్చినావా బాబూ?"

"ఇచ్చాను మేడం."

"మా సేతికొచ్చిందా?"

"వచ్చింది."

"అయితే ఇసక మీద పరు. లోపలి రాతంతా తియ్యి. కేరళ వోళ్ల పేర్లు ఎక్కడ సెరిపినావో, మా గుంట పేరు ఎక్కడ సెరిపినావో మేం సూడాల. ఈ వల ఎవుడికిచ్చినా పరిసి ఇవ్వాలని దాన్ని అల్లినోళ్లు రాసినారు. ఇప్పటిదాకా నువ్వివ్వనేదు కాబట్టి అడగనేదు. ఇప్పుడు ఇచ్చినావు. నీ సంతకమే సెప్తన్నాది."

ముందు అర్థమైంది నీలకంఠానికి. "ఓర్నీ!" అన్నాడు, అధ్యక్షుడినన్న సంగతి మరిచిపోయి. తర్వాత వెనక వరసల్లో నవ్వు పుట్టి, ముందుకొచ్చేసరికి కేకలైంది. గురువమ్మ నవ్వలేదు కానీ వచ్చి గంగాలమ్మ పక్కన నిలబడింది.

ఉమామహేష్ నవ్వు ఆరిపోయింది. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఫోనులో ఎవరితోనో రెండు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడాడు. తిరిగి వచ్చినప్పుడు గొంతులో మర్యాద తగ్గింది.

"మేడం, మీరు మమ్మల్ని దొంగలంటున్నారు కాబట్టి చెప్పాల్సొస్తోంది. మేం ఎక్కడా ఎత్తుకురాలేదు. మీ సంఘమే మాకిచ్చింది. ఇదిగో."

సంచీలోంచి ఒక కాగితం తీసి పైకి పట్టుకున్నాడు. ఏడాది కిందటి తేదీ. సంఘం పేరున్న కాగితమే, సందేహం లేదు. అందులోని ఇంగ్లీషు రాతని అతనే తెలుగులో చదివి వినిపించాడు. వరసబోర్డు ప్రోగ్రాం, అందులో చేసిన మార్పులన్నిటితో సహా, సర్వహక్కులతో కంపెనీకి అప్పగించడమైనది. కింద 'రూపకర్త' అని రాసి, సంతకం.

గంగాలమ్మకి అక్షరాలు కూడబలుక్కోవడం రాదు కానీ ఆ సంతకం తెలుసు. నాలుగేళ్లుగా ప్రతి నెలా జీతం తీసుకునేటప్పుడు చూస్తోంది. చివర్న పాయ తీసినట్టు వంకర తిరిగే సంతకం.

"అనూరాదా."

హాలంతా గోడ వైపు తిరిగింది. ఇందాక 'దొంగసరుకు' అన్న గొంతే ఇప్పుడు "ఇంటిదొంగ" అంది. సబ్బవరం నుంచి వచ్చి మన రేవు అమ్మేసిందిరా అన్నారెవరో. అనూరాధ మొహం పాలిపోయింది. కానీ తల దించలేదు ఈసారి.

"సంతకం నాదే పిన్నీ."

"నువ్వేనా ఇచ్చావు?" గంగాలమ్మ మైకు దించేసింది. "ఇందాక ఈ మాటే వొచ్చింది కదా. రుజువేటంటే నేదన్నావు. ఈడికెలా సేరిందో ఒక్క ముక్క సెప్పనేదు."

"నాకు ఇప్పుడే తెలిసింది అది ఇదేనని. భద్రత తనిఖీ కోసం పంపాల, సంతకం పెట్టు అన్నారు. అంతా లాయర్ల ఇంగ్లీషు, మీద సంఘం ముద్ర. నాకిక్కడ ఉద్యోగం పేరే నేదు పిన్నీ, పెట్టమన్న సోట పెట్టకపోతే రేపు రావద్దంటారు. ఆ కాగితంలో నా పేరు కింద 'రూపకర్త' అని ఉన్నాది. నాలుగేళ్లలో నాకు పేరెట్టిన కాగితం అదొక్కటే. సంతోసంగా పెట్టాను." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "ఎవరు పెట్టమన్నారో నా నోటితో సెప్తే మీరు నమ్మరు. ఉమామహేష్ గారూ, అది రెండు పేజీలు. మీరు మొదటిదే సూపించారు. రెండోది కూడా తియ్యండి. అనుమతిచ్చినోళ్ల సంతకం దాని మీదున్నాది."

ఉమామహేష్ కాగితాన్ని సంచీలోకి తోయబోయాడు. నీలకంఠం ఎప్పుడొచ్చాడో అతని వెనకే ఉన్నాడు. మణికట్టు పట్టుకుని, రెండో పేజీ లాగి గంగాలమ్మకి అందించాడు. నీలకంఠం మొహంలో భయం కోసం వెతికింది గంగాలమ్మ. భయం లేదు. అందులో ఏముందో అతనికి తెలియదు, తెలుసుకోవాలని మెడ చాస్తున్నాడు.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

"అప్పా" అన్నాడు అప్పలరాజు, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ. పొద్దున్నుంచి అరిచిన గొంతు ఇప్పుడు వినబడీ వినబడనట్టుంది. "జనాలు అలిసిపోనారు. కిందకెళ్లి టీ సెప్పొస్తాను."

అప్పటికే మెట్ల వైపు రెండడుగులు వేశాడు.

"కూకో రాజూ" అంది గంగాలమ్మ, చేతిలో కాగితం ఇంకా చూడకుండానే.